జిప్పు చివర సందు

మా అమ్మాయి చదువు కోసం బాపట్ల హాస్టల్‌కి వెళ్తూ తన పామును నాకు అప్పజెప్పింది. నగలు అప్పజెప్పినా అన్ని జాగ్రత్తలు చెప్పేది కాదు. నాకే ఎందుకు తల్లీ ఈ తద్దినం అంటే, "నీకున్నంత అనుమానం ఈ తెనాలి మొత్తంలో ఎవరికుందమ్మా? పాముని కాపాడాలంటే అదే కావాలి" అంది. మెచ్చుకుందో వెక్కిరించిందో నేనింకా తేల్చుకోలేదు. వాళ్ళ నాన్న వైపు తిరిగి మాత్రం, "నాన్నా, నువ్వు దాని జోలికెళ్ళకు" అని ఒక్క ముక్క అనేసింది. ఆయన పేపరు మడతపెట్టి, "నాకేం పని" అన్నారు.

అది మన చేలల్లో తిరిగే పాము కాదు. కార్న్ స్నేక్ అంటారట, విదేశీ జాతి. విషం లేదు. పెంచుకోవడానికి కావలసిన అనుమతి కాగితాలన్నీ అమ్మాయి ముందే తెచ్చిపెట్టుకుంది. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద ఎర్రటి మచ్చలు, నా చూపుడువేలంత లావు. పగలంతా బోర్లించిన మట్టి మూకుడు కింద పడుకుంటుంది. ఆ మూకుడు అంచున చిన్న గుమ్మంలా కోయించి, గరుకు ఒంటికి గీసుకోకుండా ఉప్పు కాగితంతో రుద్ది మరీ పెట్టింది మా అమ్మాయి.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కుట్టు ఎక్కడ జారిందో, కుచ్చు ఎక్కడ పట్టు వదిలిందో ఆమడ దూరం నుంచి కనిపెడతాను. పాముని పెంచడమంటే కూడా అంతే అని నాకు తొందరగానే అర్థమైంది. ఇంట్లో ఉన్న ప్రతి సందునీ అనుమానించాలి. తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే. లోపలి గదిలో దాని గాజుతొట్టి, తొట్టి మీద జాలీ మూత, దానికి నాలుగు మూలలా క్లిప్పులు. టేపు కూడా చుట్టేస్తానంటే అమ్మాయి ఫోన్లోనే అరిచింది. జిగురు ఒంటికి అంటుకుంటే తీసేటప్పుడు చర్మం ఊడొస్తుందట. కుట్టుమిషను ముందు గదిలోకి మార్చేశాను. నేల మీద గుండుసూది మిగలకుండా రోజూ అయస్కాంతం తిప్పేదాన్ని. తలుపు కింద గుడ్డ కుక్కేదాన్ని, బాత్రూము తూముకి జల్లెడ బిగించాను.

ఇంత ఎందుకంటే, అది గడప దాటితే బతకదు. మా వీధిలో పాము కనబడితే విషం ఉందా లేదా అని అడిగేవాళ్ళు ఉండరు. ముందు కర్ర లేస్తుంది, ఆ తర్వాతే అది ఏ పామో చూస్తారు. అమ్మాయికి అది ప్రాణం. నా చేతుల్లో దానికేమన్నా అయితే పిల్ల నన్ను ఇంకెప్పుడూ దేనికీ నమ్మదు. నా భయమంతా అదే.

మా ఆయనకు పాము అన్న మాటంటేనే పడదు. రేపల్లెలో రైస్‌మిల్లులో సూపర్‌వైజరు. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్తారు, దీపాలు పెట్టే వేళకు వస్తారు. మిల్లులో పందికొక్కుల్ని తోక పట్టుకుని విసిరేసే మనిషి, ఇంట్లో ఆ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు గోడవారగా నడిచేవారు. "ఆ పురుగు తిన్నదా?" అని మాత్రం అడిగేవారు. తిన్నదంటే, "ఏం తింటుందిలే, ఐసుముక్క" అని మొహం అదోలా పెట్టేవారు.

దాని తిండి హైదరాబాదు నుంచి ఐసు పెట్టెలో వచ్చేది. గడ్డకట్టిన తెల్లెలుకలు. పాత ఫ్రిజ్ ఒకటి వాటికే వదిలేశాను. వారానికోటి, బుధవారం పూట, వేడినీళ్ళలో కరిగించి పటకారుతో అందించేదాన్ని. మొదట్లో రెండు పూటలు నాకు అన్నం సయించలేదు, తర్వాత అలవాటైపోయింది.

కార్తీకమాసం వచ్చింది. నాగులచవితి రోజున పక్క పోర్షను పిన్నిగారు గిన్నెడు పాలు, చిమ్మిలి ఉండలు, చలిమిడి పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. వరసకు పిన్ని కాదు, వీధి మొత్తానికీ పిన్నిగారే.

"ఊరందరం పుట్ట వెతుక్కుంటూ పోతుంటే, సాక్షాత్తూ సుబ్బారాయుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఓ చుక్క పాలు పొయ్యవేంటమ్మా?"

"పాలు దానికి పడవండి పిన్నిగారూ. జబ్బు చేస్తుంది."

"నాగేంద్రుడికి పాలు పడకపోవడమేంటి? ఎవరు చెప్పారు నీకు?"

"మా అమ్మాయండి."

"చదువుకున్న పిల్ల కదా, అలాగే అంటుంది" అని గిన్నె గడప దగ్గరే పెట్టి, మూడుసార్లు దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ ఆ గది తలుపు వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. చూడకూడనిది చూద్దామనుకునే మనిషి చూపది.

ఆ వచ్చిన సోమవారమే మొదలైంది. కార్తీక సోమవారాలు నేను ఉపవాసం ఉండి, సాయంత్రం శివాలయంలో దీపాలు వెలిగించి, చుక్క చూశాకే తింటాను. మా ఆయన నాకంటే ముందు ఇల్లు చేరతారు కాబట్టి తాళంచెవి పిన్నిగారింట్లో ఇచ్చి వెళ్ళడం అలవాటు. ఆ రోజు గుడి నుంచి వచ్చి తొట్టి చూస్తే ఒక మూల క్లిప్పు సరిగ్గా పడలేదు. పడ్డట్టే ఉంది, వేలితో నొక్కితే టక్కుమంది. నేను వేసిన క్లిప్పు నొక్కితే టక్కుమనదు. ఎందుకంటే నేనేస్తే అది అప్పటికే టక్కుమని ఉంటుంది.

నీళ్ళగిన్నె వాసన చూశాను, పాల వాసన లేదు. తెలివైనావిడ, కడిగి ఉంటుంది అనుకున్నాను.

బుధవారం ఎలుక ఇస్తే పాము అటు తిరిగి కూడా చూడలేదు. బెంగపడి అమ్మాయికి ఫోన్ చేస్తే, అప్పుడప్పుడు మానేస్తుంది, కంగారు పడకు అంది. శుక్రవారం తొట్టిలో కాగితం మారుస్తుంటే దొడ్డికి వెళ్ళి ఉంది. తినని పాము దొడ్డికెలా వెళ్తుంది? కళ్ళద్దాలు తెచ్చుకుని పుల్లతో కదిపి చూశాను. అందులో బూడిదరంగు వెంట్రుకలున్నాయి. నేను పెట్టేవన్నీ తెల్లెలుకలు. పిన్నిగారికి ఒక బూడిదరంగు పిల్లి ఉంది, ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. ఇంకేం, పిల్లిని చంకనేసుకుని వచ్చి మరీ పూజ చేసిపోతోందని నిశ్చయించేసుకున్నాను. పిల్లి వెంట్రుక పాము కడుపులోకి ఎలా వెళ్ళిందన్న ప్రశ్న నాకు తట్టలేదు. అనుమానం ఒకసారి కుదురుకున్నాక ప్రశ్నలు అడ్డు రావు.

మళ్ళీ సోమవారం మళ్ళీ క్లిప్పు వదులు. ఈసారి రెండు. ఊరుకోలేక మర్నాడు పిన్నిగారి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

"పిన్నిగారూ, నిన్న సాయంత్రం మా ఇంట్లోకి ఎవరైనా వచ్చారాండీ?"

"ఎవరొస్తారమ్మా? తాళం మీ ఆయన చేతికే ఇచ్చాను. బండి తప్పిపోతున్నట్టు నా చేతిలోంచి లాక్కుని మరీ పోయాడు. ఏంటి, ఏదన్నా పోయిందా?"

"పోలేదండి. పోకుండా చూసుకుంటున్నాను."

ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "అయితే తాళం నీ దగ్గరే ఉంచుకో తల్లీ" అన్నారు. నేను అదీ గుర్తుపెట్టుకున్నాను, తప్పు చేసినవాళ్ళకే పౌరుషం ముందొస్తుందని. ఆవిడ మాటల్లో అసలు సంగతి నా కళ్ళముందే ఉంది. మా ఆయన మీదికి నా మనసు పోనేలేదు. ఆ గది గుమ్మం తొక్కని మనిషి కదా.

అలాగని ఆయన మీద నాకు వేరే అనుమానం లేకపోలేదు. ఆయన మిల్లుకి తీసుకెళ్ళే సంచికి రెండు అరలుంటాయి. పెద్ద అరలో క్యారేజీ నేనే సర్దుతాను. పక్క అర జిప్పు ఎప్పుడూ తీసే ఉండేది, అందులో పాత పేపర్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఈ మధ్య పొద్దున్నే బయల్దేరే ముందు ఆ జిప్పు బరబరా లాగి మూసేస్తున్నారు. ఏముందండీ అందులో అంటే, "మిల్లు కాగితాలు" అన్నారు. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పైనుంచి తడిమి చూస్తే లోపల పేపర్ల కింద స్టీలు డబ్బా తగిలింది. నేను ఇవ్వని డబ్బా. ఆయనకు ఎవరో వండి పెడుతున్నారన్నమాట. ఇరవై ఏళ్ళుగా నా గోంగూరపచ్చడికి వంక పెట్టని మనిషి రేపల్లెలో ఎవరి చేతి వంట తింటున్నాడో ఏమో. పాము సంగతి తేలాక ఈ సంగతి చూద్దామని దాచిపెట్టుకున్నాను. రెండు అనుమానాలు ఒకేసారి మోయడం నాక్కూడా కష్టమే.

మూడో సోమవారానికి పాము కళ్ళు పాలరంగుకు తిరిగాయి. ఒళ్ళు మసకబారింది. కుబుసం విడిచే ముందు అలా అవుతుందనీ, అప్పుడు దానికి సరిగ్గా కనిపించదనీ, తిండి పెట్టకూడదనీ అమ్మాయి గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రం తాళం ఇవ్వకుండా ఉంటే మా ఆయన గుమ్మంలో పడిగాపులు పడాలి. తప్పక పిన్నిగారికే ఇచ్చి, గుళ్ళో దీపం ముందు కూర్చున్నానే గానీ మనసంతా క్లిప్పుల మీదే. వచ్చి చూస్తే మూడు క్లిప్పులు వదులుగా ఉన్నాయి. పళ్ళు కొరుక్కుంటూ అన్నీ నొక్కాను. పాము మూకుడు కింద పడుకుని ఉంటుందిలే, కుబుసం రోజుల్లో కదపకూడదు కదా అని లైటు తీసేశాను.

మర్నాడు మా ఆయన బయల్దేరి వెళ్ళాక నీళ్ళు మారుద్దామని మూత తీశాను. మూకుడు కింద ఏదో కదిలింది. ఎత్తి చూస్తే ఎలుక. బతికున్న ఎలుక, బూడిదరంగుది. నా వైపు చూసి మీసాలు దులుపుకుంది. పక్కన పరిచిన కాగితం మీద రెండు చోట్ల నెత్తురు మరకలు, ఒక చిన్న ఎర్రటి పొలుసు. పాము లేదు.

నేల మీద కూర్చుని లెక్క వేశాను. పిన్నిగారైతే పాలు తెస్తారు గానీ ఎలుకను తేరు. ఎలుకలు ఎక్కడుంటాయి? మిల్లులో. ఎలుకను ఎందులో తెస్తారు? స్టీలు డబ్బాలో. ఆ డబ్బా ఎక్కడుంటుంది? ఆయన సంచి పక్క అరలో. ఆ అర రాత్రంతా తెరిచే ఉంటుంది, ఎలుక వాసన కొడుతూ, చీకటిగా, వెచ్చగా, తొట్టి ఉన్న గది తలుపు పక్కనే. పొద్దున్నే ఆయన, నా కంటబడకూడదని, లోపలికి చూడకుండా జిప్పు లాగేస్తారు. తలుపు కింద గుడ్డ సంగతి చూస్తే, అది పక్కకి జరిగి ఉంది. నేను పెట్టిన గుడ్డను ఎవరో కాలితో తోసి, మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. రాత్రి క్లిప్పుల కంగారులో నేనూ చూసుకోలేదు.

ఫోన్ చేశాను. రైలు చప్పుడులో ఎత్తారు.

"ఎక్కడున్నారు?"

"జంపని వచ్చింది. ఏంటే?"

"సంచి ఎక్కడుంది?"

"పక్కనే ఉంది. ఏంటి, క్యారేజీలో ఏమన్నా మరిచిపోయావా?"

"తొట్టిలో ఎలుకుంది. పాము లేదు. మీ పక్క అరలో ఉంది."

అటునుంచి రైలు కూత మాత్రం వినబడింది.

"ఏవండీ! తెరవకండి. పారెయ్యకండి. అరవకండి. అక్కడెవరికైనా తెలిస్తే కొట్టి చంపేస్తారు. రేపల్లెలో దిగొద్దు, మిల్లు గడప తొక్కొద్దు. ఆ రైలు మళ్ళీ వెనక్కే వస్తుంది కదా, కూర్చున్న చోటే కూర్చుని వచ్చెయ్యండి."

"ఊఁ" అన్నారు. ఆ గొంతు ఆయనది కానట్టుంది. ఫోన్ పెట్టేశారు.

అమ్మాయికి చెప్పాను. ఏడుపు దిగమింగుకుని బాపట్లలో దొరికిన రైలెక్కింది. నేను స్టేషనుకు పోతూ పిన్నిగారి ముందుకొచ్చాను. ఏం చెప్పాలో తెలియక, "పిన్నిగారూ, తొట్టిలో ఎలుకుంది, మీ పిల్లిని ఇటు రానివ్వకండి" అన్నాను. ఆవిడ నా మొహం చూసి ఏమీ అడగకుండా పిల్లిని లోపలేసి, కుర్చీ తెచ్చుకుని మా గుమ్మం ముందు వేసుకుని కూర్చున్నారు.

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒక్కసారీ ఎత్తలేదు. అమ్మాయి దిగి వచ్చి తను కూడా చేసింది. ఎత్తలేదు.

"విసిరేశాడమ్మా" అంది పిల్ల. "కిటికీలోంచి విసిరేసి ఉంటాడు. అందుకే ఎత్తట్లేదు. బల్లి మీద పడితేనే నాన్న మంచమెక్కుతాడు, ఒళ్ళో పాముంటే ఊరుకుంటాడా?"

నేనూ అదే అనుకుంటున్నాను. భట్టిప్రోలు దాటాక కాలువొస్తుంది, సంచిని అందులో వదిలేసి, జారిపోయిందని చెబుతారు. ఆ మాట ఏ గొంతుతో చెబుతారో కూడా ఊహించేసుకున్నాను. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. పిల్ల చెయ్యి నా చేతిలో మంచుముద్దలా ఉంది.

రైలొచ్చింది. బుట్టలవాళ్ళు, కాలేజీ పిల్లలు, పెళ్ళి బృందం ఒకటి, అందరూ దిగారు. అందరి తర్వాత ఆయన దిగారు. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. రెండు చేతులతో సంచిని గుండెలకు అదుముకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగారు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "ఫోనెందుకు ఎత్తలేదు?" అని అరిచాను.

"చెయ్యి ఖాళీ లేదు" అన్నారు.

సంచి ఇమ్మంటే ఇవ్వలేదు. ఆటోలో కూడా ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక బాత్రూములో తలుపేసి, తూము మూసి, అమ్మాయి వెడల్పాటి బకెట్లో సంచి దింపి జిప్పు తీసింది. డబ్బా చుట్టూ చుట్టుకుని ఉంది. బతికే ఉంది. మెడ దగ్గర ఒకటి, నడుం మీద ఒకటి, ఎలుక కొరికిన గాట్లు. డాక్టరుకు వీడియోలో చూపించి, ఆయన చెప్పినట్టు మందునీళ్ళతో కడిగింది. కంటికి తగల్లేదు, బతికిపోయింది అన్నారట డాక్టరు. రెండు కుబుసాలు విడిచేసరికి మచ్చ తప్ప ఇంకేం మిగలదన్నారు. తొట్టిలో ఎలుకను ఎక్కడ వదలాలా అని మేం ఆలోచించేలోగా అది మూత సందులోంచి దూకి నా జాకెట్టు ముక్కల్లోకి పోయింది. ఇంకా అక్కడే ఉందని నా అనుమానం.

అప్పుడడిగింది అమ్మాయి, తల ఎత్తకుండా. "బతికున్న ఎలుకని ఎందుకు పెట్టావు నాన్నా? పాము తినకపోతే ఎలుకే దాన్ని తినేస్తుంది. మిల్లు ఎలుక ఏ మందు తిని ఉంటుందో కూడా తెలియదు."

"మందు పెట్టని గోడౌన్లోవే పట్టాను" అన్నారాయన గుమ్మం బయటి నుంచే. మళ్ళీ ఆయనే, "మనింటికి ఎవరొచ్చినా చద్దన్నం పెట్టం కదమ్మా. నీ పాముకేమో ఐసులో పెట్టిన శవాన్ని పెడుతుంది మీ అమ్మ. నాకు మనసొప్పలేదు. అదీగాక, అమ్మకి అన్నీ అప్పజెప్పావు. నాకేమో ఏ పనీ చెప్పలేదు."

ఎలుకను పైనుంచి విసిరేసి, కళ్ళు మూసుకుని మూత పడేసి పరిగెత్తేవారట. క్లిప్పులు అందుకే పడేవి కావు. నేను ఉపవాసం ఉన్న రోజునే దానికి విందు పెట్టారన్నమాట.

సాయంత్రం సంచి ఉతుకుదామని తీసుకున్నాను. ఉతికే ముందు జిప్పు మూసి చూడటం నా అలవాటు. మూసినా చివర మూసుకోలేదు. పళ్ళు ఊడిపోయి అక్కడ వేలు పట్టేంత సందుంది. వేలు పడితే పాము తల పడుతుంది. మరి ఎందుకు రాలేదు? నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. సంచి పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. ఆయన టీవీ పెట్టుకుని, చూడకుండా కూర్చున్నారు. కుడి చూపుడువేలు మీద జిప్పు పళ్ళ అచ్చు ఎర్రగా దిగబడి ఉంది.

"ఈ సందులోంచి అదెందుకు రాలేదండీ?"

"వేలు పెట్టాను."

"ఎంతసేపు?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడు చూస్తే అప్పటికే మూతి బయట పెట్టింది. అప్పట్నుంచీ."

"అంటే రేపల్లె పోయి, మళ్ళీ ఇక్కడికొచ్చేదాకా?"

"మరి తీస్తే బయటికొచ్చేస్తుందిగా."

"తగిలిందా వేలికి?"

"మాటిమాటికీ తగిలింది. మూతితో తోసింది. నాలిక పెట్టింది" అని ఆ వేలిని మరో చేత్తో పట్టుకున్నారు. "నువ్వు మాత్రం అమ్మాయికి చెప్పకు. దాని జోలికెళ్ళకు అంది కదా."

మంచం మీదికి బల్లి వస్తే నన్ను లేపే మనిషి ఆయన. అంత దూరం, ఎవరి సాయమూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా. అమ్మాయి లోపలి గదిలో తొట్టి పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఆ సంచీ జిప్పూ పట్టుకుని తిన్నగా పిల్ల దగ్గరకే వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.